కూతవేటు దూరానికి కూడా కారేనా? శివారు కాలనీలో ఉంటూ కారు వాడకం తగ్గించుకునే పద్ధతి

సాయంత్రం ఏడున్నరకి హాల్లో బల్బు పోయింది. మేడ మీదికి వెళ్తే ఎలక్ట్రికల్ షాపు కనిపిస్తూనే ఉంటుంది, బోర్డు మీది అక్షరాలు కూడా చదవొచ్చు. కానీ మధ్యలో కాలనీ ప్రహరీ గోడ అడ్డం. గేటేమో దానికి సరిగ్గా అవతలి వైపు. కారు తీసి, గేటు దాటి, మెయిన్ రోడ్డెక్కి, ఎక్కడో దూరాన యూ-టర్న్ తీసుకుని, రెండు సిగ్నళ్ళ దగ్గర ఆగి, పార్కింగ్ వెతుక్కుని, ఒక్క బల్బు కొని తిరిగొచ్చేసరికి ముప్పావుగంట. ఈలోగా ఇంట్లో వాళ్ళు చీకట్లోనే భోంచేసి లేచారు.

ఇది నా ఇంట్లోనే జరిగింది. ఊరికి దూరంగా, విశాలంగా, ప్రశాంతంగా ఉంటుందని శివారు కాలనీలో ఇల్లు తీసుకున్న చాలామందికి ఇలాంటి కథే ఒకటి ఉంటుంది. కొన్నాళ్ళు పోయాక మనకే బద్ధకం పెరిగిందేమో అనిపిస్తుంది. బద్ధకం కాదు. కారు లేకుండా కాలు బయట పెట్టలేని విధంగా రోడ్లు వేశారు, అంతే. కారు అమ్మేయమని ఇక్కడ నేనేమీ చెప్పబోవడం లేదు. అలాంటి చోట కారు అమ్మేస్తే ఇంట్లో ఖైదీలా కూర్చోవాలి. ఉన్నచోటే ఉంటూ అక్కర్లేని ట్రిప్పులు తగ్గించుకోవడం, డ్రైవింగ్ రాని వాళ్ళు కూడా తమంతట తాము గడప దాటేలా చేయడం, ఈ రెండే మన పని. నాకు పనికొచ్చిన క్రమంలోనే చెబుతాను.

ముందు ఒక వారం లెక్క రాయండి

కార్లో చిన్న నోటుబుక్కు, పెన్ను పెట్టుకోండి. ఫోన్‌లో యాప్ కన్నా ఇదే నయం, ఎందుకంటే యాప్ ఎన్ని కిలోమీటర్లు తిరిగారో చెబుతుంది కానీ ఎవరి కోసం తిరిగారో చెప్పదు. ప్రతి ట్రిప్పుకీ నాలుగు సంగతులు రాయండి: ఎక్కడికి, ఎవరి పని మీద, ఎన్ని కిలోమీటర్లు, పార్కింగ్‌తో కలిపి ఎన్ని నిమిషాలు. వారం మధ్యలో ఏమీ మార్చుకోకండి. డైటింగ్ మొదలుపెట్టిన వాడిలా ఆ వారం మాత్రం బుద్ధిగా తిరిగితే లెక్క తప్పుతుంది.

నా వారంలో 31 ట్రిప్పులు తేలాయి. ఆఫీసుకి రానూపోనూ 10. పిల్లల్నీ నాన్ననీ దింపడానికి, తీసుకురావడానికి 13. మిగిలిన 8 చిల్లర పనులు. మొత్తం మీద 11 ట్రిప్పులు రెండు కిలోమీటర్ల లోపువే! నా టైమంతా ఆఫీసు ట్రాఫిక్‌లోనే పోతోందని అందరికీ చెప్పుకుని తిరిగేవాణ్ణి. తీరా చూస్తే నేను జీతం లేని డ్రైవర్ ఉద్యోగం ఒకటి అదనంగా చేస్తున్నాను.

మీ లెక్క వేరుగా ఉండొచ్చు. కానీ "ఎవరి పని మీద" అనే గడిని మాత్రం వదిలేయొద్దు. తర్వాత అన్నిటికన్నా ఎక్కువగా ఉపయోగపడేది అదే.

మ్యాప్‌లో రెండు దూరాలు కొలవండి

ఇప్పుడు ఆ జాబితాలో దగ్గరి చోట్లను తీసుకోండి. గూగుల్ మ్యాప్స్‌లో మీ ఇంటి మీద వేలు నొక్కిపట్టి పిన్ పెడితే, కింద వచ్చే ఆప్షన్లలో దూరం కొలిచేది ఉంటుంది. దాంతో ఇంటి నుంచి షాపుకి సూటిగా ఎంతో చూడండి. తర్వాత మామూలుగా దారి అడిగి రోడ్డు మీద ఎంతో చూడండి. రెండోదాన్ని మొదటిదానితో భాగించండి.

వీధులు చదరంగం పలకలా అడ్డంగా, నిలువుగా ఉన్న పాత ఊళ్ళో ఈ భాగఫలం దాదాపు 1.4 దాటదు. చతురస్రంలో ఒక మూల నుంచి ఎదురు మూలకి కర్ణం మీద కాకుండా రెండు భుజాల వెంట నడిస్తే వచ్చేది అదే, స్కూల్లో చదివిన లెక్కే. మీకు 2 వచ్చిందంటే దారి కొంచెం వంకర. 4, 5 వచ్చాయంటే మధ్యలో ఏదో అడ్డం ఉంది: గోడో, కాలవో, దాటడానికి వీల్లేని హైవేనో. మా బల్బు షాపు సూటిగా 180 మీటర్లు, రోడ్డు మీద 2.6 కిలోమీటర్లు. పద్నాలుగు రెట్లు! ఇలాంటి అంకె కనిపిస్తే బాధపడకండి, ఎర్ర ఇంకుతో చుట్టండి. అంత దూరం నిజంగా లేదు, ఎవరో తయారుచేశారు. తయారుచేసిన దూరాన్ని తగ్గించవచ్చు కూడా.

ఈ డెడ్ ఎండ్ వీధుల వెనక ఒక చరిత్ర ఉంది. అమెరికాలో న్యూజెర్సీ రాష్ట్రంలో 1929లో రాడ్‌బర్న్ అనే పేట మొదలైంది. క్లారెన్స్ స్టైన్, హెన్రీ రైట్ దాన్ని రూపొందించారు. కార్ల కాలానికి తగ్గ ఊరు కట్టాలన్నది వాళ్ళ ఆలోచన. కారు వచ్చే వీధి ఇంటి ముందే ఆగిపోతుంది, అవతలికి పోదు. కానీ ఇంటికి రెండో వైపు కాలిబాట ఉంటుంది, అది పార్కులోకి తీసుకెళ్తుంది. ఆ పార్కుల్లోంచే, పెద్ద రోడ్డు కింద దారిగుండా, పిల్లలు కార్లకి ఎదురుపడకుండా బడికి వెళ్ళవచ్చు. కారుకి దారి మూసేసి కాలికి దారి తెరిచారన్నమాట. తర్వాత కట్టిన శివారు కాలనీల్లో చాలావాటికి ఆ మూసేసిన వీధి ఒక్కటే నచ్చింది, కాలిబాటని వదిలేశారు. సగం మందు రాసుకుని రోగం తగ్గలేదంటే ఎలా?

ఎర్ర చుట్టలన్నిటికీ ఒకసారి నడిచి వెళ్ళండి

సెలవు రోజు పొద్దున్నే, ఏ పనీ పెట్టుకోకుండా వెళ్ళండి. పని మీద వెళ్తే విసుగొచ్చి మధ్యలో వెనక్కి వస్తారు. మ్యాప్‌కి తెలియనివి కాలికి తెలుస్తాయి. గోడలో ఎవరో తీసేసిన రెండు ఇటుకలు, ఖాళీ స్థలంలో గడ్డి అరిగిపోయి పడిన సన్నని దారి, ఇంటి పనికి వచ్చేవాళ్ళు రోజూ వాడే సందు ఇలాంటివి. కారున్న వాళ్ళకి ఈ దారులు ఏళ్ళ తరబడి కనిపించవు. మీ ఇంటికి పనికొచ్చే వాళ్ళని అడగండి, కాలనీ ప్లాను గీసిన ఇంజినీరు కన్నా వాళ్ళకే బాగా తెలుసు.

నడుస్తూ ఎక్కడ ఆగాల్సి వచ్చిందో అక్కడ ఫొటో తీయండి. ఫుట్‌పాత్ ఉన్నట్టుండి ఎక్కడ మాయమైంది, ఎక్కడ లైటు లేదు, ఎక్కడ కుక్కలు, ఎక్కడ కారు చటుక్కున మలుపు తిరుగుతుంది. నీడ కూడా చూసుకోండి. పొద్దున ఏడుకి హాయిగా ఉన్న దారి మధ్యాహ్నానికి పెనంలా కాలుతుంది.

అన్నిటికన్నా జాగ్రత్తగా చూడాల్సింది పెద్ద రోడ్డు దాటే చోటు. ఆరు లేన్ల రోడ్డంటే, లేను మూడున్నర మీటర్లు అనుకుంటే, 21 మీటర్లు. సిగ్నల్‌లో ఎన్ని సెకన్లు ఇస్తున్నారో ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టి చూడండి. అమెరికా ట్రాఫిక్ సిగ్నళ్ళ నిబంధనల్లో కాలినడక వాళ్ళకి మామూలుగా లెక్కగట్టే వేగం సెకనుకి 3.5 అడుగులు, అంటే మీటరు పైచిలుకు. ఆ లెక్కన 21 మీటర్లకి 20 సెకన్లు కావాలి. ఇప్పుడు మీ ఇంట్లో పెద్దవాళ్ళ నడక కొలవండి. నేను ఇంటి ముందు టేపుతో పది మీటర్లు కొలిచి సుద్దముక్కతో గీతలు గీశాను. నాన్న మామూలుగా నడిచారు, 14 సెకన్లు పట్టింది. అంటే ఆ రోడ్డు దాటడానికి ఆయనకి దాదాపు 30 సెకన్లు కావాలి. మా సిగ్నల్ 22 సెకన్లే ఇస్తుంది. ఆయన బయటికి వెళ్ళడం ఎందుకు తగ్గించారో నాకు అప్పుడు గీతల మీద నిలబడితే అర్థమైంది. అంతకుముందు మోకాళ్ళ నొప్పి అనుకునేవాణ్ణి.

టైము చాలకపోతే మూడు మార్గాలున్నాయి. మధ్యలో నిలబడడానికి డివైడర్ దగ్గర చోటున్న క్రాసింగ్‌ని వాడటం, కొంచెం దూరమైనా సన్నగా ఉన్న చోట దాటడం, లేదా సెకన్లు పెంచమని అర్జీ పెట్టుకోవడం. పరుగెత్తి దాటడం నాలుగో మార్గం కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పేదాని ప్రకారం, గుద్దిన కారు వేగం గంటకి 50 నుంచి 65 కిలోమీటర్లకి పెరిగితే నడిచే మనిషి చనిపోయే ప్రమాదం నాలుగున్నర రెట్లవుతుంది. ఖాళీగా ఉండే వెడల్పాటి శివారు రోడ్ల మీద 65 అంటే నెమ్మదిగా పోతున్నట్టే అనిపిస్తుంది.

ట్రిప్పుల్ని విడదీయండి

నోటుబుక్కు మళ్ళీ తెరవండి. కిలోమీటరు లోపువి కాలికి, ఐదు కిలోమీటర్ల లోపువి సైకిలుకి, మిగిలినవి కారుకి. ఇది శిలాశాసనం కాదు. వర్షం, బరువు, చీకటి, ఆడపిల్లల భద్రత అన్నీ చూసుకోవాలి. ఏ ట్రిప్పు గురించి సందేహం ఉన్నా దాన్ని కారుకే వదిలేయండి, మొదటి నెలలో మొండిపట్టు వద్దు.

సైకిలు గంటకి 15 కిలోమీటర్లు పోతుందనుకుంటే మూడు కిలోమీటర్లకి 12 నిమిషాలు. పార్కింగ్ వెతుకులాట కూడా కలిపితే కారుకీ అంతే పడుతుంది. ముందు బుట్ట, వెనక క్యారియర్‌కి రెండు వైపులా సంచులు కట్టుకోకపోతే మాత్రం సైకిలు వ్యాయామానికే తప్ప పనులకి పనికిరాదు. ఎత్తుపల్లాలుంటే ఎలక్ట్రిక్ సైకిలు చూడండి. యూరప్‌లో మామూలు ఎలక్ట్రిక్ సైకిలుకి మోటారు సాయం గంటకి 25 కిలోమీటర్ల దగ్గర ఆగిపోవాలన్న నియమం ఉంది. కాలనీ లోపలి రోడ్లకి ఆ వేగం చాలు.

చిన్న ట్రిప్పులు కారుకి కూడా మంచివి కావు. చల్లటి ఇంజిన్ పూర్తిగా వేడెక్కడానికి కొన్ని కిలోమీటర్లు పడుతుంది. అప్పటిదాకా పెట్రోలు ఎక్కువ తాగుతుంది, పొగని శుభ్రం చేసే కన్వర్టర్ సరిగ్గా పనిచేయదు, ఆయిల్‌లో చేరిన తేమ ఆవిరైపోదు. స్టార్ట్ చేసినప్పుడు ఖర్చయిన బ్యాటరీ చార్జి నిండేలోపే మీరు ఇంజిన్ ఆపేస్తారు. "మా కారు ఎక్కువ తిరగలేదండీ, షాపుల దాకానే" అని అమ్మేవాళ్ళు గొప్పగా చెబుతుంటారు కదా. అలాంటి కారు కొనేముందు రెండుసార్లు ఆలోచించండి.

కారుకే మిగిలిన చిల్లర పనుల్ని వారానికి రెండు చుట్లలోకి కుదించండి. ముందు అన్నిటికన్నా దూరంగా ఉన్న చోటికి వెళ్ళి, ఇంటివైపు వస్తూ ఒక్కొక్కటీ ముగించుకోండి. బరువైనవీ త్వరగా పాడయ్యేవీ చివర్లో. పక్కపక్కనున్న మూడు షాపులకి మూడుసార్లు పార్క్ చేయకుండా, ఒకచోట ఆపి నడవండి. ఎదురెదురుగా ఉన్న రెండు షాపుల మధ్య కారేసుకుని యూ-టర్న్ కొట్టిన సందర్భాలు నాకూ ఉన్నాయి, ఎవరికీ చెప్పకండి.

బస్సు ఉంటే

మొదట అడగాల్సింది మొదటి బస్సు గురించి కాదు, చివరి బస్సు గురించి. తిరిగొచ్చే దారి లేకపోతే ఎంత మంచి బస్సయినా దండగే. రెండోది ఎంతసేపటికి ఒకటి అన్నది. పది నిమిషాలకొకటైతే టైము చూసుకోకుండా వెళ్ళి నిలబడవచ్చు, సగటున ఐదు నిమిషాలు ఆగుతారు. గంటకొకటైతే దాన్ని రైలులా చూడండి, టైముకి పది నిమిషాల ముందే స్టాపులో ఉండండి. బస్సు స్టాపుకి జనం నడిచి రాగల దూరంగా ప్లానర్లు తరచుగా లెక్కవేసేది 400 మీటర్లు, అంటే ఐదు నిమిషాల నడక. మీ స్టాపు అంతకన్నా దూరమైతే సైకిలు మీద పెద్ద రోడ్డు స్టాపు దాకా వెళ్ళి అక్కడ తాళం వేసి బస్సెక్కడం మేలు.

అడగాల్సిన అవసరం లేకుండా చేయండి

"ఎవరి పని మీద" అనే గడి దగ్గరికి వచ్చాం. పిల్లలు, పెద్దవాళ్ళు, డ్రైవింగ్ రాని వాళ్ళు, వచ్చినా కారు దొరకని వాళ్ళు. శివారు జీవితంలో ఎక్కువ నలిగేది వీళ్ళే, నోరెత్తి చెప్పుకోనిదీ వీళ్ళే.

చూపు తగ్గాక నాన్న కారు నడపడం మానేశారు. ఏడాది తర్వాత ఒకరోజు మాటల్లో తెలిసింది, ఆయన తన స్నేహితుడి ఇంటికి వెళ్ళి ఎనిమిది నెలలైందని. "చెప్తే తీసుకెళ్ళేవాణ్ణి కదా నాన్నా" అన్నాను. "నువ్వు ఆఫీసు నుంచి అలిసిపోయి వస్తావు, మళ్ళీ బయటికి తీసుకెళ్ళమని ఏం అడుగుతాన్రా" అన్నారు.

దాంతో ఇంట్లో ఒక పద్ధతి పెట్టాం. మంగళవారం సాయంత్రం, శనివారం పొద్దున కారు ఆయనది. పనున్నా లేకపోయినా నేను తాళాలు పట్టుకుని ఆరింటికి గుమ్మంలో ఉంటాను. ఎక్కడికి అన్నది ఆయన ఇష్టం. అడగక్కర్లేదు కాబట్టి మొహమాటం లేదు. మొదటి రెండు వారాలు "ఇవాళ ఏం లేదులే" అన్నారు. మూడో వారం ఐదున్నరకే చెప్పులు వేసుకుని కూర్చున్నారు. మీ ఇంట్లోనూ రోజులు ముందే కట్టేసుకోండి, గోడ మీది క్యాలెండర్‌లో రాయండి. మీకు కుదరని రోజు టాక్సీ మీరే బుక్ చేయండి, బుకింగ్ కూడా వాళ్ళని అడగనివ్వద్దు.

పిల్లలకి ఇంకో మార్గం ఉంది. ఒకే బడికి వెళ్ళే నలుగురైదుగురు పిల్లలుంటే, ఒక పెద్దమనిషి రోజుకొకరు చొప్పున వాళ్ళని వరసగా నడిపించుకుని వెళ్ళడం. దీన్ని కొన్ని దేశాల్లో నడిచే స్కూలు బస్సు అంటారు. బస్సులాగే దీనికీ టైము, స్టాపులు ఉండాలి. 7:40కి మూల మలుపు, 7:45కి నీళ్ళ ట్యాంకు, రాని వాళ్ళ కోసం రెండు నిమిషాలకి మించి ఆగకూడదు. ఆగడం మొదలుపెడితే నెల తిరక్కుండా అందరూ మళ్ళీ కార్లెక్కుతారు. బడి నడవలేనంత దూరమైతే కారే వంతులవారీగా పంచుకోండి. నలుగురు కలిస్తే నాలుగు రోజులకొకసారే మీ వంతు వస్తుంది.

ఒకే ఒక్క గేటు అడగండి

ఇంతవరకూ మీ ఇంటి సంగతి. ఎర్ర చుట్ట మాత్రం ఇంట్లో కూర్చుంటే చెరగదు. ఇక్కడ చాలామంది చేసే తప్పు, మెట్రో కావాలనీ ఊరంతా ఫుట్‌పాత్‌లు కావాలనీ అర్జీ పెట్టడం. అంత పెద్ద కోరికకి అంత పెద్ద ఫైలు తయారవుతుంది, అది మీ రిటైర్‌మెంట్ దాకా కదలదు. గోడలో ఒక మనిషి పట్టేంత గేటు అడగండి. లేదా ఒక జీబ్రా క్రాసింగ్, సిగ్నల్‌లో పది సెకన్లు.

ముందు ఆ గోడ ఎవరిదో కనుక్కోండి: కాలనీ సంఘానిదా, పక్క స్థలం యజమానిదా, మున్సిపాలిటీదా. ఇది తేలకుండా ఎవరికి రాసినా వృథా. తర్వాత ఒక్క పేజీ రాయండి. పైన మ్యాప్ ముక్క, దాని మీద రెండు గీతలు, రెండు దూరాలు. కింద ఈ దారి ఎన్ని ఇళ్ళకి పనికొస్తుందో, ఎన్ని సంతకాలు వచ్చాయో. ఇంకేమీ వద్దు. ఆవేశంగా రాసిన మూడు పేజీలు ఎవరూ చదవరు, 180 మీటర్లు, 2.6 కిలోమీటర్లు అన్న రెండు అంకెలు ఒక్క చూపులో అర్థమవుతాయి.

అభ్యంతరాలు ఏమొస్తాయో ముందే తెలుసు. దొంగలొస్తారు, బయటి వాళ్ళు బళ్ళు పెట్టేస్తారు, మా ఇంటి పక్క నుంచి జనం నడుస్తారు. మూడోది నిజమైన అభ్యంతరం, గేటు పక్కింటి వాళ్ళతో మీరే వెళ్ళి విడిగా మాట్లాడండి, మీటింగులో నలుగురి ముందు వద్దు. బళ్ళు దూరకుండా గేటులో వంపు పెట్టవచ్చు. భయాలకి మందు, మూడు నెలల ట్రయల్. పొద్దున ఆరు నుంచి రాత్రి తొమ్మిది వరకు తెరిచి, ఇబ్బందైతే మూసేద్దాం అంటే ఒప్పుకునేవాళ్ళు పెరుగుతారు.

మీటింగులో "ఇదెక్కడైనా జరిగిందా" అని ఎవరో ఒకరు అడుగుతారు. నెదర్లాండ్స్‌లోని హౌటెన్ పేరు చెప్పండి. అక్కడ పేట నుంచి పేటకి కారులో వెళ్ళాలంటే బయటి రింగ్ రోడ్డుకి వెళ్ళి చుట్టి రావాలి, సైకిలుకీ కాలినడకకీ మాత్రం ఊరి మధ్యగా సూటి దారులున్నాయి. పార్కింగ్ గొడవ వస్తే అమెరికాలోని బఫెలో. ప్రతి కట్టడానికీ ఇన్ని పార్కింగ్ స్థలాలు ఉండి తీరాలన్న నియమాన్ని ఆ నగరం 2017లో తీసేసింది. షాపుల మధ్య దూరాన్ని పెంచేవాటిలో ఆ ఖాళీ పార్కింగ్ స్థలాలదీ పెద్ద వాటాయే.

మా గేటుకి పద్నాలుగు నెలలు పట్టింది. రాత్రి తొమ్మిదికి తాళం పడుతుంది, బల్బు షాపేమో తొమ్మిదిన్నర దాకా ఉంటుంది. ఆ అరగంట కోసం రెండో అర్జీ పెట్టాను.

రెండో కారు, కొత్త ఇల్లు

రెండో కారు కొనాలనిపిస్తే, కొనేముందు మూడు నెలలు టాక్సీలతో, అద్దె కార్లతో గడపండి. అయిన ఖర్చుని నెలవారీ కంతు, బీమా, సర్వీసింగ్ మొత్తంతో పోల్చి చూడండి. ఏదైనా తేలనివ్వండి, అంకె చూశాకే నిర్ణయం.

ఇల్లు మారే ఆలోచన ఉంటే ఆదివారం పొద్దున్న ఇల్లు చూడ్డానికి వెళ్ళకండి, అమ్మేవాళ్ళు ఆ టైమే చెబుతారు. పనిదినాన సాయంత్రం ఆరింటికి, వీలైతే బస్సులో వెళ్ళండి. గదులు చూశాక ఏజెంటుని అక్కడే కూర్చోమని, మీరొక్కరే కాలినడకన బయల్దేరి దగ్గర్లో ఒక బల్బు కొనుక్కురండి. ఇంట్లో పెద్దవాళ్ళుంటే వాళ్ళనీ వెంటబెట్టుకుని, వాళ్ళ నడకతోనే నడవండి. దారిలో వాళ్ళు ఎక్కడ ఆగారో, ఎక్కడ మీ చెయ్యి పట్టుకున్నారో చూసుకుని, అడ్వాన్స్ మాట ఆ తర్వాత ఎత్తండి.